కాంతిచికిత్స – మన కర్తవ్యము

(కాసిపేటయందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)

  

మహాసభా నిర్వాహకులు ఆరోగ్యవిషయమున కొంత ప్రసంగింపుడని మమ్ము కోరిరి. విద్య, ఉద్యోగములు, విద్యార్థి వసతిగృహము మున్నగువానిని గూర్చి మాకంటె సమర్థులు ముచ్చటింపనున్నారు. వైద్యవృత్తియందున్న మేము, సభలలో నెవ్వరును ఎత్తుటకిష్టపడని విషయమొకదాని నెన్నుకొంటిమి. అది దీర్ఘకాలము వేధించు చర్మవ్యాధులను గూర్చియు, వానికి కాంతితో చేయు చికిత్సను గూర్చియు.

కులసంఘ సభయందు చర్మవ్యాధుల ప్రసంగమేల యని కొందఱు తలపవచ్చును. మన వివాహసంబంధములు మనలో మనమే చూచుకొనుచున్నాము గదా! ఇంట నొకరి చేతిపై తెల్లమచ్చ కనబడినచో ఆ యింటి ఆడుబిడ్డల పెండ్లిండ్లన్నియు ఆగిపోవుచున్నవి. ఆ మచ్చను జూచి వెనుదిరిగి పోవువారు పరులు కారు, మనవారే. కావున ఈ వ్యాధులకు సగము వైద్యము ఆసుపత్రియందున్నది. తక్కిన సగము ఈ పందిటిలో నున్నది. ఈ మాటయే మా యుపన్యాసమునకు సారము. ఇది యెట్లు నిజమో క్రమముగా విన్నవించెదము.

వ్యాధుల స్వరూపము

కాంతిచికిత్స ముఖ్యముగా రెండు వ్యాధులకు చేయబడుచున్నది. మొదటిది బొల్లి. మన చర్మమునకు వన్నె నిచ్చునది మెలనిన్ అను వర్ణద్రవ్యము. దానిని తయారుచేయు కణములు నశించిన చోట చర్మము పాలవలె తెల్లనగును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి ఆ కణములపై బడుట యిందులకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల నిర్ణయము. రెండవది సోరియాసిస్. పైచర్మము పుట్టి, యెదిగి, రాలిపోవుటకు సామాన్యముగా సుమారు 4 వారములు పట్టును. ఈ వ్యాధియందు ఆ పని కొలది దినములలోనే ముగియును. అందుచే మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మున్నగు చోట్ల చర్మ మెఱ్ఱబాఱి, వెండిరంగు పొలుసులు లేచి రాలుచుండును. ప్రపంచమున బొల్లి నూటికి సుమారు ఒకరికిని, సోరియాసిస్ నూటికి ఇద్దరు ముగ్గురికిని కలదని అంచనా. కావున ఇంత పెద్ద సభలో ఈ వ్యాధులు గలవారు, వారి తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉండకపోరు.

ఈ రెండును అంటువ్యాధులు కావు. కలిసి భుజించినను, ఒకే పడకపై నిద్రించినను, ఒకరి బట్ట నొకరు కట్టినను సోకవు. చేపలు తిని పాలు త్రాగినచో బొల్లి వచ్చునను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. దానికి ఆధారమేమియు లేదు. పూర్వజన్మపాపమని కోడలిని నిందించుటయు నట్టిదే. వంశములో కొంత కానవచ్చుట నిజమే. అయినను బొల్లి గల తల్లికో తండ్రికో పుట్టిన బిడ్డలలో నూటికి 90 మందికి పైగా అది రాదు.

బొల్లిని శ్వేతకుష్ఠమని పిలుచుటచే గొప్ప కీడు కలిగినది. పేరొకటి గావున రోగమొకటియే యని జనులు భ్రమించిరి. కుష్ఠురోగము ఒక సూక్ష్మజీవి వలన కలుగునది. అందలి మచ్చ పాలతెలుపుగా నుండక కొంచెము వన్నె తగ్గియుండును. ముఖ్యముగా అచ్చట స్పర్శజ్ఞానము తగ్గును. బొల్లిమచ్చయందు స్పర్శ చెడదు. ఆ కుష్ఠురోగమును సైతము నేడు మందులతో పూర్తిగా మాన్పవచ్చును. ఆ మందులను ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇరువదవ శతాబ్దారంభమున కుష్ఠురోగుల కొఱకు వైద్యాలయము వెలసినప్పుడు ఇట్టి మందులు లేవు. కుష్ఠమును విడాకులకు కారణముగా జూపు నియమమును పార్లమెంటు 2019లో చట్టములనుండి తొలగించినది. చట్టము తన తప్పును దిద్దుకొన్నది. మనము మాత్రము కుష్ఠమే కాని మచ్చను జూచి యింకను వెనుకకు జరుగుచున్నాము.

పూర్వచరిత్ర

ఆరోగ్యమును సూర్యుని వలన కోరవలయునని మన పెద్దలు చెప్పుదురు. చర్మరోగులు శ్రీకాకుళము చేరువనున్న అరసవల్లి సూర్యదేవాలయమునకు మ్రొక్కుకొని పోవుట మన తెలుగుదేశమున చిరకాలపు ఆచారము. ఆయుర్వేదమున బొల్లికి శ్విత్రమని పేరు. దానికి చెప్పిన యోషధులలో బాకుచి ముఖ్యము. అదియే మన మూలికల యంగళ్లలో దొరకు బావంచాలు. ఆ గింజలయందు సొరాలెన్ అను పదార్థము కలదు. అది చర్మమును చేరినప్పుడు సూర్యకాంతి ప్రభావము అనేక రెట్లు హెచ్చును. మందును వాడి యెండ కాగుమని చెప్పిన పూర్వులకు ఆ పదార్థము పేరు తెలియకపోయినను, దాని పని తెలిసినదనుట స్పష్టము. నైలునదీ ప్రాంతమున మొలచు వేఱొక మొక్కయందును ఇదే జాతి పదార్థమున్నది. 1940ల దశకమున కైరో నగరమున ఎల్ మోఫ్టీ యను వైద్యుడు దానితో బొల్లికి చికిత్స చేసి లోకమునకు వెల్లడించెను.

దీపకాంతితో వైద్యము చేసి కీర్తి గడించినవాడు డెన్మార్కు దేశీయుడగు నీల్స్ ఫిన్సెన్. చర్మమునకు సోకు క్షయరోగము ముఖములను వికృతము గావించుచుండ, ఆయన విద్యుద్దీపపు కాంతిని స్ఫటికపు కటకముల గుండ పంపి రోగులను స్వస్థపఱచెను. 1896లో కోపెన్‌హాగెన్ నగరమున కాంతివైద్యాలయము స్థాపించెను. 1903లో నోబెల్ బహుమానము నందుకొని మఱుసటి యేడే స్వర్గస్థుడయ్యెను. క్షయకు మందులు వచ్చిన పిమ్మట ఆ దీపముల పని తీఱినది. కాని వెలుగును కొలిచి మందువలె నీయవచ్చునను తలంపు నిలిచినది. మన దేశమునను 1930ల దశకమున జామ్‌నగరమున ఫ్రెంచివైద్యుడు సైద్మాన్ పథకము ననుసరించి సూర్యుని వెంట తిరుగు కాంతిచికిత్సా భవనమొకటి నిర్మింపబడెను.

బొగ్గుతో బ్రతుకు మనకు ఆసక్తి గొల్పు సంగతి యొకటి కలదు. గాలి సోకకుండ బొగ్గును కాచినప్పుడు తారు వెలువడును. 1925లో అమెరికాయందలి మేయో వైద్యాలయమున గోకర్మన్ అను వైద్యుడు సోరియాసిస్ రోగుల దేహమునకు ముడి బొగ్గుతారు పూసి, దానిపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసెను. పొలుసులు తొలగి చర్మము చక్కబడెను. ఆ విధానము అనేక దశాబ్దములు వైద్యలోకమున నిలిచినది. మన కార్మికుల వంటికి అంటుకొను బొగ్గుమసికిని ఈ తారునకును సంబంధములేదు. గనిలో పనిచేయుటచే సోరియాసిస్ కుదురునని యెవ్వరును తలపరాదు.

గనికి సంబంధించిన మఱియొక కథయు వినదగినది. భూగర్భమున పనిచేయువారు ఎండమొగమెఱుగరు గావున వారికి కృత్రిమ సూర్యకాంతి నిచ్చినచో జలుబులు, రోగములు తగ్గునని ఇంగ్లండునందు గొప్ప నమ్మకముండెను. డోరా కోల్‌బ్రూక్ అను వైద్యురాలు ఒక కార్యాలయమున, ఒక కర్మాగారమున, ఒక బొగ్గుగనిలో దానిని పరీక్షించి 1946లో నివేదిక ప్రకటించెను. దీపము క్రింద నిలిచినవారికి అట్టి మేలేమియు కలుగలేదని తేలినది. ఇందలి నీతి గ్రహింపవలయును. కాంతి సర్వరోగనివారిణి కాదు. ఏ రోగమునకు, ఏ కిరణము, ఎంతసేపు అని నిర్ణయించినప్పుడే అది మందగును.

1974లో అమెరికాయందు ప్యారిష్ మున్నగు వైద్యులు సొరాలెన్ మాత్రనిచ్చి, పిమ్మట దీర్ఘతరంగ అతినీలలోహిత కిరణముల ప్రసరింపజేసి సోరియాసిస్ తగ్గించు విధానమును ప్రకటించిరి. వారిలో మధుకర్ పాఠక్ అను భారతీయ శాస్త్రజ్ఞుడును ఉండెను. దీనినే ‘పువా’ యందురు. 1980ల దశకమున, మాత్రల యవసరమే లేకుండ, 311 నానోమీటర్ల తరంగమును మాత్రమే వెలువరించు దీపములు వచ్చినవి. 1997లో హాలండు వైద్యులు బొల్లికిని ఇది పనిచేయునని చూపిరి. నేడు ఎక్కువగా వాడుకలోనున్నది ఈ 311 దీపమే. సోరియాసిస్ ముదిరినవారికి మందులును కలవు. వానిలో ముఖ్యమైన మెథొట్రెక్సేట్ వంశము, మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాయందు జరిగిన పరిశోధనల వలన వెలువడినదని తెలుగువారెల్లరు గర్వింపదగును.

చికిత్సావిధానము

పచ్చకామెర్లు కలిగిన పురిటిబిడ్డలను ఆసుపత్రులలో నీలికాంతి క్రింద నుంచుట మీలో అనేకులు చూచియే యుందురు. ఆ దీపము వేఱు, ఈ దీపము వేఱు. కాంతియు మందు కాగలదనుటకు మాత్రమది కన్నులకు గట్టిన నిదర్శనము.

చర్మవ్యాధికి రోగిని నిలువెత్తు దీపముల పెట్టెలో నిలిపెదరు. కన్నులకు నల్లని అద్దములు పెట్టి, మర్మావయవములను కప్పెదరు. మొదట కొలది సెకండ్లు మాత్రమే కాంతి నిచ్చి, చర్మము కమిలిపోకుండ చూచుకొనుచు కొద్దికొద్దిగా హెచ్చింతురు. నొప్పి యుండదు. వారమునకు రెండు మూడు పర్యాయములు పోవలయును. ఈ కిరణములు చర్మమునందలి అతిక్రియను అణచును. సోరియాసిస్ రోగులలో అనేకులకు 20 మొదలు 30 పర్యాయములలో చర్మము చక్కబడును. కొంతకాలమునకు మరల రావచ్చును, మరల చికిత్స చేయవచ్చును.

బొల్లికి ఓర్పు మిక్కిలి కావలయును. వెండ్రుకల మొదళ్లలో దాగియున్న వర్ణకణములను కాంతి మేలుకొలుపును. అవి పైకి ప్రాకివచ్చి, తెల్లని మచ్చయందు ఆవగింజలవంటి నల్లని చుక్కలుగా తోచి, చుక్క చుక్క కలిసి చర్మము మరల వన్నె కెక్కును. మొదటి చుక్క కనబడుటకే రెండు మూడు నెలలు పట్టవచ్చును. ఆఱు నెలలు నిండక మునుపు ఫలము లేదని తీర్మానింపరాదు. ఏడాదియు, అంతకు మించియు పట్టుట కలదు. ముఖము, మెడ త్వరగా లొంగును. వ్రేళ్లకొనలు, పెదవులు, వెండ్రుకలు నెఱసిన చోట్లు లొంగుట కష్టము. మచ్చ క్రొత్తదైనకొలది గుణము హెచ్చు. ఇన్నియు చెప్పి, అందఱికిని పూర్తిగా కుదురునని మేము మాట యీయజాలము. కుదురనివారును మనవారే.

హెచ్చరికలు

మొదట రోగనిర్ణయము జరుగవలయును. తామర, గజ్జి, శోభి మున్నగువానికి కాంతిచికిత్స పనికిరాదు; వానికి వేఱు మందులు కలవు. అంగడిలో నెవరో యిచ్చిన స్టెరాయిడు కలిసిన పూతమందును నెలల తరబడి పూయుటచే తామర ముదిరి, చర్మము పలుచబడిన వారిని మేము నిత్యము చూచుచున్నాము. ఎండకు హెచ్చు లూపస్ మున్నగు కొన్ని రోగములు గలవారును, చర్మమున పుండుకురుపు వచ్చినవారును ముందుగా వైద్యునికి తెలుపవలయును. గర్భిణులు సొరాలెన్, మెథొట్రెక్సేట్ వాడరాదు. 311 దీపము మాత్రము వారికిని, పిల్లలకును వైద్యుని పర్యవేక్షణలో ఈయబడుచున్నది. పువా చికిత్సను దీర్ఘకాలము విస్తారముగా పొందినవారియందు చర్మపు పుండుకురుపు కొంత హెచ్చునని కనుగొనిరి. కావున లెక్క తప్పక వ్రాయించుకొనవలయును.

బావంచాల నూనెను తమకు తామే పూసికొని ఎండలో నిలుచుట మిక్కిలి ప్రమాదకరము. మన బొగ్గుగనుల సీమయందు వేసవి యెండ యెట్టిదో చెప్పనక్కరలేదు. చర్మము బొబ్బలెక్కి పుండుపడును. ఆ పుండు మానిన చోట క్రొత్త మచ్చయే లేచుట కలదు. పూర్వుల మందు చెడ్డది కాదు. మోతాదు తెలియక వాడుట చెడ్డది.

ఏల విఫలమగుచున్నది?

ఇంత మంచి చికిత్స మనవారియందు తఱచుగా ఏల సగములో ఆగిపోవుచున్నది? దీపములో లోపము లేదు. మాత్రను చీరకొంగున దాచుకొని మ్రింగవచ్చును. పూతమందును తలుపు మూసి పూసికొనవచ్చును. కాంతిచికిత్స నట్లు చేసికొనుటకు వీలుకాదు. వారమునకు రెండు మార్లు, నెలల తరబడి, అందఱును చూచుచుండగా బస్సెక్కి పోవలయును. దాచుకొనుచు చేయించుకొనరాని వైద్యమిది. ఎచ్చట దాచవలసిన భయమున్నదో అచ్చట ఈ వైద్యము సాగదు.

గనిలో పనిచేయు సోదరుడొకడు పదునెనిమిదేండ్ల కుమార్తెను మాకడకు తెచ్చెను. మెడమీదను చేతులమీదను మచ్చలు. మూడవ నెలలో చుక్కలు తోచినవి, మేమును సంతసించితిమి. అంతట రాక మానిరి. కొంతకాలమునకు కారణము తెలిసినది. వారానికి రెండు దినములు ఎచ్చటికి పోవుచున్నారని క్వార్టర్లలోని యిరుగుపొరుగువారు అడుగసాగిరట; పెండ్లివారికి తెలియునను భయమున తల్లి మాన్పించినదట. వెంట పోయిన దినమున తండ్రికి మస్టరు పోవుచుండెను. ఆ నష్టము నాతడు సహించెను గాని ఆ ప్రశ్నను సహింపలేకపోయెను. ఏడాది పిమ్మట ఆ బిడ్డ మరల వచ్చునప్పటికి మచ్చలు ముఖమునకు ప్రాకినవి. ఆ తల్లిని మేము నిందింపము. ఆమె భయమునకు కారణము మనము.

సంఘము చేయదగినవి

మహాజనులారా! మీ యెదుట నాలుగు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది వివాహవిషయము. మచ్చను దాచి పెండ్లి చేయుడని మేము చెప్పము. దాచిన మచ్చ పెండ్లియైన పిమ్మట బయటపడినచో ఆ పిల్ల బ్రతుకు దుర్భరమగును. ముందుగా చెప్పుడు, వినువారు దాని నిజస్వరూపము తెలిసి ఆలోచింపుడు. ఒకరికి మచ్చయున్నదని, మచ్చలేని అక్కచెల్లెండ్ర సంబంధములను విడుచుట అన్యాయమని ఈ సభ యొక తీర్మానము గావింపవలయును. సంబంధములు కుదుర్చు పెద్దలు దాని నాచరణయందు చూపవలయును.

రెండవది ప్రయాణవ్యయము. బీదవారు చికిత్స మానుటకు లజ్జ యొక కారణము, బస్సుచార్జీ మఱియొక కారణము. పోషకులు పిల్లల చదువునకు విరాళములిచ్చుచున్నారు. దానిలో కొంత భాగమును ఇట్టి రోగుల రాకపోకలకు కేటాయింపవలయును. మంచిర్యాల, కరీంనగరము, వరంగల్లు, హైదరాబాదులలో చికిత్సకై పోవువారికి మనవారి యిండ్లలోనో వసతిగృహములోనో ఒక రాత్రి తావు కల్పింపవలయును.

మూడవది దీపమును దగ్గఱకు తెచ్చుకొనుట. మంచిర్యాలయందును, రామగుండమునందును 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. సింగరేణి కంపెనీ ఆసుపత్రులును ఈ సీమయందున్నవి. మన సంఘము నలుగురు సభ్యులను నియమించి, 311 దీపమెచ్చట నున్నదో విచారించి సభ్యులకు తెలుపవలయును. లేనిచోట దానిని పెట్టింపుడని అధికారులకు మహజరు సమర్పింపవలయును. కార్మికులు మస్టరు కోల్పోకుండ మొదటి షిఫ్టు ముగిసిన పిమ్మట చికిత్స జరుగునట్లును కోరవలయును. ఈ కార్యము మన కులమునకు మాత్రమే కాక, ఈ గనుల సీమయందలి సర్వజనులకును ఉపకరించును.

నాల్గవది ప్రకటనల విషయము. బొల్లిని నెలదినములలో మాన్పెదమని, సోరియాసిస్‌ను మొదలంట పెఱికివేసెదమని చెప్పువారి ప్రకటనలు ఎల్లెడల కనబడుచున్నవి. గడువు పెట్టి పూచీపడు వైద్యమును నమ్మకుడు. అట్టి ప్రకటనలకు మన సంచికలయందు, ఎంత రుసుము వచ్చినను, తావీయవలదని సంపాదకులను ప్రార్థించుచున్నాము. ఆ రూపాయలు తుదకు మన బీదవారి మూటలనుండియే వచ్చునుగదా!

ఏటేట జూన్ 25వ తేదీని బొల్లి దినముగను, అక్టోబరు 29వ తేదీని సోరియాసిస్ దినముగను లోకమున జరుపుకొనుచున్నారు. ఆ దినములలో ఒకనాడైన మన గ్రామములలో చర్మవైద్యులను పిలిపించి ఉచిత పరీక్షలు చేయించుట కష్టమైన పని కాదు. పరీక్షకు వచ్చువారి వరుసలో పెద్దలు ముందు నిలిచినచో, వెనుక నిలుచుటకు బిడ్డలు సిగ్గుపడరు.

మేము చెప్పదలచినది ముగిసినది. తెల్లవాఱుజామున టోపీదీపముతో గనిలో దిగి, లోకమునకు వెలుగు నిచ్చు బొగ్గును త్రవ్వితెచ్చు మనవారి యిండ్లలో, ఒక మచ్చ కొఱకు బిడ్డలు తలుపుల చాటున బ్రతుకుట తగదు. వారిని వెలుగులోనికి పిలువుడు. వైద్యమునకు తోడ్పడుడు.  సర్వులకును ఆయురారోగ్యములు కలుగుగాక!